నీలిగీతల చిప్ప కోసం ఆరు రోజులు

మొదటి రోజు: ప్లిమత్

ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న ప్లిమత్ రేవు పట్టణానికి నేను చేరుకున్నది సెప్టెంబరు చివరి వారంలో, పౌర్ణమి నాటి మధ్యాహ్నం. ఆ తిథిని ఏరి కోరి ఎంచుకున్నాను. నేను చూడాలనుకున్న జీవి, చిప్ప మీద నీలిగీతలున్న ఒక చిన్న సముద్రపు నత్త, కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు మీద బతుకుతుంది. ఆ నాచు పెరిగే మేర ఏడాదిలో చాలా రోజులు నీటి అడుగునే ఉండిపోతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువగా వచ్చినట్టే ఆటు కూడా బాగా దిగువకు పోతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల్లో అది మరింత దిగువకు పోతుంది. ప్లిమత్‌లో మామూలు పౌర్ణమి పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా సుమారు 4.7 మీటర్లు ఉంటుంది. పైగా ఈ తీరంలో పెద్ద ఆటు వచ్చే వేళ ఎప్పుడూ మధ్యాహ్నం చుట్టుపక్కలే పడుతుంది కనుక, నా వంటి కొత్తవాడు చీకట్లో లాంతరు పట్టుకుని రాళ్ల మీద తడుముకోవలసిన అవసరం ఉండదు.

మా అన్నయ్య కూతురు ఈ ఊళ్లోనే సముద్ర జీవశాస్త్రం చదువుతోంది. స్టేషను నుంచి నన్ను నేరుగా హో అనే సముద్రతీరపు మైదానానికి తీసుకువెళ్లింది. ఎరుపు తెలుపు పట్టీల పాత దీపస్తంభానికి కొద్ది దూరంలో, కోట గోడ పక్కన, 1888లో తెరిచిన సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల భవనం ఉంది. ఈ తీరంలోని ప్రాణుల గురించి పుస్తకాల్లో మనం చదివే దానిలో ఎంతో భాగం ఆ గోడల మధ్య మొదలైందని తెలిసి, కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేను వెతుకుతూ వచ్చిన జీవి పేరు పటెల్లా పెల్యూసిడా. ఇంగ్లీషులో దాన్ని బ్లూ-రేడ్ లింపెట్ అంటారు, నేను నీలిగీతల లింపెట్ అంటాను. లింపెట్ అంటే మెలిక తిరగని, బోర్లించిన గిన్నెలాంటి ఒంటిచిప్పను మోస్తూ, వెడల్పాటి పాదంతో దేనినైనా గట్టిగా కరుచుకుని ఉండే సముద్రపు నత్త. వాటిలో చాలా జాతులు రాతిని పట్టుకుని బతుకుతాయి, ఇది మాత్రం నాచును పట్టుకుంటుంది. ఐస్‌లాండ్, నార్వేల నుంచి పోర్చుగల్ దాకా అట్లాంటిక్ తూర్పు తీరంలో కనిపిస్తుంది.

"గుర్తుపట్టడం కష్టమా?" అని అడిగాను.

"నీలిగీతలు కనిపిస్తే చాలా తేలిక, బాబాయ్. కనిపించనప్పుడే చూడాలి," అంది. ఆ మాటలోని రెండో సగం ఆ సాయంత్రం నాకు పట్టలేదు.

రెండవ రోజు: వెంబరీ

ప్లిమత్‌కు తూర్పుగా కొద్ది మైళ్ల దూరంలో ఉన్న వెంబరీ తీరానికి పొద్దున్నే బయలుదేరాము. గుట్ట మీద సెయింట్ వెర్‌బర్గ్ చర్చి, ఎదురుగా సముద్రంలో మ్యూస్టోన్ అనే ముక్కోణపు దీవి, ఈ రెండింటి మధ్య పలకలు పలకలుగా వాలిన రాతినేల ఉన్నాయి. మేము చేరేసరికి నీరు ఇంకా వెనక్కి తగ్గుతూనే ఉంది. ఆటు అట్టడుగుకు చేరే సమయానికి గంటన్నర ముందే రాళ్లలోకి దిగి, తగ్గుతున్న నీటి వెంట నడిచి, అది తిరిగి పెరగడం మొదలుపెట్టగానే మనమూ వెనక్కి తిరగాలన్నది ఇక్కడివారు ఖచ్చితంగా పాటించే పద్ధతి.

దిగుతూ ఉంటే తీరం మెట్లు మెట్లుగా మారుతూ వచ్చింది. పై మెట్టున రాతికి అతుక్కున్న మామూలు లింపెట్లు, అంటే పటెల్లా వల్గేటా, వందల సంఖ్యలో ఉన్నాయి. వాటి చిప్పలు గరుకుగా, శిఖరం నుంచి అంచు దాకా మిట్టలు తేలి, బూడిదరంగులో ఉంటాయి. ఒక్కొక్కటి రాతిలో తన చిప్ప అంచుకు సరిగ్గా సరిపోయే పల్లం చేసుకుని, మేతకు పోయి మళ్లీ ఆ పల్లానికే చేరుకుంటుంది. వాటిని దాటి, బుడగలున్న నాచునూ రంపపుపళ్ల అంచున్న నాచునూ దాటి, ఇంకా కిందకు దిగాక కాళ్ల కింద నేల స్వభావమే మారిపోయింది. తోలు పట్టీల వంటి గోధుమరంగు ఆకులు నీరు తగ్గిన చోట ఒకదాని మీద ఒకటి ఒరిగి, నూనె పూసినట్టు మెరుస్తున్నాయి. అదే కెల్ప్ మేర.

లింపెట్‌ను వెతికే ముందు అది కూర్చున్న నాచు ఏదో తెలుసుకోవాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఆ పట్టుదలలో ఎంత అర్థం ఉందో తర్వాతి రోజుల్లో తెలిసివచ్చింది. ఇక్కడ ప్రధానంగా లామినేరియా అనే కెల్ప్‌లో రెండు జాతులున్నాయి. లామినేరియా డిజిటాటా కాడ నున్నగా, కొంచెం బల్లపరుపుగా, వంచితే వంగుతుంది. అందుకే నీరు తగ్గగానే మొక్క మొత్తం నేలకు ఒరిగిపోతుంది. లామినేరియా హైపర్‌బోరియా కాడ గుండ్రంగా, గరుకుగా, బిరుసుగా ఉంటుంది. నీరు పోయినా నిటారుగా నిలబడి, పైన ఆకు మాత్రమే గొడుగు ముడిచినట్టు వేలాడుతుంది. బలంగా వంచితే పుటుక్కున విరుగుతుంది. రెండింటిలోనూ ఆకు అరచేతి వేళ్లలా చీలి ఉంటుంది. అడుగున కొమ్మలు కొమ్మలుగా చీలిన హోల్డ్‌ఫాస్ట్ అనే పట్టు రాతిని కరుచుకుని ఉంటుంది. చూడటానికి వేళ్లలా ఉన్నా అవి వేళ్లు కావు, పోషకాలను పీల్చవు, పట్టుకుని నిలబెట్టడమే వాటి పని. నిజానికి కెల్ప్ మొక్క కూడా కాదు, గోధుమరంగు శైవలం, అంటే ఆల్గే. అయినా అలవాటు కొద్దీ ఈ రచనలో మొక్క అనే అంటాను.

ముందుగా కళ్లకు చిక్కింది గీత, చిప్ప కాదు. ఒరిగి ఉన్న డిజిటాటా ఆకు మీద, కాడ ఆకుగా విచ్చుకునే చోటికి ఒక జానెడు పైన, రెండు మూడు నీలి చుక్కలు వరుసగా మెరిశాయి. నేను వంగిన కొద్దీ అవి చుక్కలు చుక్కలుగా తెగిన గీతలుగా తేలాయి. గీతల చుట్టూ ఉన్న చిప్ప ఆకు రంగులోనే కలిసిపోయి ఉన్నందున, దాన్ని చూడటానికి నాకు ఇంకో క్షణం పట్టింది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని కంటికి ఆనించి, ఆకు మీదికి దాదాపు ముఖం ఆనేంతగా వంగాను. పొడవు ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుందేమో. తేనెరంగు గాజుతో చేసినట్టున్న నున్నని చిప్ప. మిట్టలు లేవు, గరుకు లేదు. శిఖరం నడిమధ్యన కాక బాగా ముందుకు, తలవైపుకు జరిగి ఉంది. ఆ శిఖరం నుంచి వెనక అంచు దాకా నాలుగు గీతలు, లకుముకి పిట్ట రెక్కమీది నీలం. గీత ఏకధాటిగా లేదు, సూదితో కుట్టిన కుట్టులా తెగుతూ సాగుతూ ఉంది. ఇలాంటి గీతలు ఒక్కో చిప్పకు రెండు నుంచి ఎనిమిది దాకా ఉండవచ్చు. చిప్ప పారదర్శకంగా ఉన్నందున లోపలి జీవి నల్లని నీడలా కనిపించింది. అది కదిలినప్పుడు ఆ నీడ కూడా కదిలింది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పెట్టిన పెల్యూసిడా అనే పేరుకు పారదర్శకమైనది అని అర్థం.

మేఘం తొలగి ఎండ పడగానే అదే ఆకు మీద ఇంకో ఆరు లింపెట్లు వెలిగాయి. అప్పటిదాకా నా చేతి కిందే ఉన్నాయవి. ఆ క్షణాన్ని నేను మరిచిపోలేను.

ఒక చిప్ప తనంతట తాను పక్కకు జరిగిపోయిన చోట, ఆకు మీద కోడిగుడ్డు ఆకారంలో లోతు తక్కువ గుంట కనిపించింది. దాని అడుగు లేతరంగులో ఉంది. లింపెట్ నాచు మీద కేవలం కూర్చుని ఉండదు, దాన్నే తింటుంది. నాలుక స్థానంలో ఉండే రాడ్యులా అనే పళ్లపట్టీతో ఆకు పైపొరను గీకి తింటుంది. లింపెట్ల పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజపు సన్నని నారలు ఉంటాయి. 2015లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు లింపెట్ పళ్లను పరీక్షించి, వాటి తన్యబలం, అంటే లాగినా తెగకుండా తట్టుకునే బలం, 3.0 నుంచి 6.5 గిగాపాస్కల్‌ల దాకా ఉందనీ, అంతవరకు ప్రకృతిలో అత్యంత బలమైనదనుకున్న సాలెపట్టునూ అది మించిందనీ ప్రకటించారు. రాతిని గీకడానికే సరిపోయే అలాంటి సాధనం ముందు మెత్తని కెల్ప్ ఆకు ఎంత! 

ఇక గుర్తుపట్టడం వచ్చేసిందని ఆ సాయంత్రం నోటుపుస్తకంలో రాసుకున్నాను. నున్నని చిప్ప, నీలిగీతలు, కెల్ప్ ఆకు, ఈ మూడూ ఉంటే చాలనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ వాక్యం తప్పేమీ కాదు, కానీ సగమే.

మూడవ రోజు: మళ్లీ వెంబరీ

పౌర్ణమి దాటిన రెండోనాటి ఆటు ఇంకా దిగువకు పోయింది. ఈసారి మేము చూసింది పోలికల విషయం.

ఒక నీటి గుంటలో, గులాబీరంగు సున్నపు శైవలం పూసుకున్న రాతి కింద, సెంటీమీటరు కూడా లేని ఒక నున్నని చిప్ప కనిపించింది. తెల్లని చిప్ప మీద గులాబీరంగు చారలు శిఖరం నుంచి అంచుకు దిగుతున్నాయి. నీలం ఒక్కటే తక్కువ. "రంగు వెలిసిపోయిన నీలిగీతల లింపెట్టేనా?" అని అడిగాను. మా అమ్మాయి జవాబు చెప్పకుండా దాన్ని సముద్రపు నీరున్న చిన్న పారదర్శకమైన డబ్బాలోకి తీసుకుని, అది డబ్బా గోడకు అతుక్కునేదాకా ఆగి, డబ్బాను తిప్పి కింది వైపు చూపించింది. తెల్లని పాదం, ముందు చిన్న తల, రెండు స్పర్శకాలు, తలపైన ఎడమ పక్కగా ఈకలాంటి ఒకే ఒక్క మొప్ప. తర్వాత నిన్నటి ఆకు మీది లింపెట్ ఒకదాన్ని అదే విధంగా చూపించింది. దీనికి ఆ ఈక లేదు. పాదానికీ చిప్ప అంచుకూ మధ్య చిన్న చిన్న మొప్ప రెక్కలు వరుసగా, పావడా కుచ్చిళ్లలా చుట్టూ తిరిగి, తల దగ్గర మాత్రం ఆగిపోయాయి. మామూలు రాతి లింపెట్‌లో ఆ కుచ్చిళ్లు తల ముందు నుంచి కూడా పోయి పూర్తి వలయమవుతాయి. చిప్పను చూసి తడబడిన చోట మొప్పలు సంగతి తేల్చేశాయి. రాతి కింద దొరికింది టెక్ట్యూరా వర్జీనియా అనే వేరే కుటుంబపు జీవి. రెండింటినీ ఎక్కడివక్కడ వదిలి, రాయిని తిరిగి మునుపటిలాగే బోర్లించాము. తిప్పిన రాయిని అలాగే వదిలేస్తే దాని కింద బతికేవన్నీ ఎండిపోతాయి.

తర్వాత నేను ఒక హైపర్‌బోరియా మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, హోల్డ్‌ఫాస్ట్ కొమ్మల మధ్య ఏముందో చూద్దామని వేలు పెట్టి విడదీయబోయాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాన్ని చీల్చకుండా లోపల చూడలేము బాబాయ్. చీలిస్తే ఈ మొక్క వచ్చే గాలివానకే పోతుంది. హైపర్‌బోరియా పదేళ్లకు పైగా కూడా బతుకుతుంది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ కొమ్మల మధ్య చీకట్లో ఏదో ఉందన్న ఊహ మాత్రం వెంటే వచ్చింది.

నాలుగవ రోజు: రైలులో, ఫాల్మత్‌కు

ఈ రోజు ప్రయాణమే. రైలు ప్లిమత్ దాటగానే ఇంజనీరు బ్రూనెల్ 1859లో పూర్తి చేసిన వంతెన మీదుగా టేమర్ నదిని దాటి కార్న్‌వాల్‌లో ప్రవేశించింది. ట్రూరోలో బండి మారి, చిన్న శాఖామార్గంలో ఫాల్మత్ చేరాము. కిటికీ బయట రోజంతా వానే.

దారిలో చదువుకున్నది ఆ నీలం గురించి. వెంబరీలో అలల మేరకు పైన ఇసుకలో దొరికిన ఒక ఖాళీ చిప్పను చిన్న గాజుసీసాలో వెంట తెచ్చుకున్నాను. ప్రాణం పోయి, ఎండిపోయి, ఎన్నాళ్లయిందో తెలియని ఆ చిప్ప మీద గీతలు అంతే నీలంగా ఉన్నాయి. కారణం ఏమిటంటే అక్కడ నీలిరంగు పదార్థం ఏదీ లేదు. హార్వర్డ్, ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధన ఈ గుట్టు విప్పింది. చిప్ప చాలావరకు కాల్సైట్ అనే సున్నపు ఖనిజంతో కట్టినదే. గీత ఉన్న చోట మాత్రం, ఉపరితలానికి కొంచెం లోపలగా, ఆ కాల్సైట్ అతిసన్నని పొరలు పొరలుగా, వంకర టింకర మడతల్లో పేర్చి ఉంటుంది. ఒక్కొక్క పొర నుంచి తిరిగి వచ్చే వెలుగులో నీలి తరంగాలు ఒకదానికొకటి తోడై బలపడతాయి. ఆ పొరల కింద సూక్ష్మమైన గుండ్రని రేణువులు వరుస లేకుండా పరుచుకుని, మిగతా వెలుగును మింగేసి, నీలం కొట్టొచ్చినట్టు కనబడేలా నల్లని తెరలా పనిచేస్తాయి. సీతాకోకచిలుక రెక్కలోనో నెమలి ఈకలోనో ఇలాంటి వెలుగు ఆట గురించి మనం వినే ఉంటాము, అవి మెత్తని జీవపదార్థంతో కట్టినవి. ఇక్కడ అదే పనిని సున్నపురాయి చేస్తోంది, అదీ చిప్ప గట్టిదనానికి లోటు రాకుండా.

ఇంత శ్రమ ఎందుకన్నదానికి ఆ శాస్త్రవేత్తలు ఒక ఊహ చెప్పారు. ఇదే నీళ్లలో మెరిసే రంగుల సముద్రపు స్లగ్‌లు, అంటే పైన చిప్పలేని నత్తలు, కొన్ని తిరుగుతాయి. అవి విషపూరితమైనవీ రుచి లేనివీ కనుక చేపలు వాటి జోలికి పోవు. లింపెట్ గీతలు ఆ రంగులను అనుకరిస్తూ ఉండవచ్చునన్నది వారి సూచన. చిప్ప ఆకు రంగులో దాగి ఉంటే, గీత మాత్రం దాగకుండా ప్రకటించుకుంటుంది. ఈ రెండూ ఒకే ఒంటి మీద కుదరడం నాకు ఈ జీవిలో అన్నింటికన్నా నచ్చిన సంగతి.

ఆ రాత్రి గాలి దిశ మారి దక్షిణం నుంచి వీచింది. తెల్లవార్లూ కిటికీ తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అయిదవ రోజు: గిల్లింగ్‌వేస్ ఇసుకతీరం

పొద్దున వెళ్లేసరికి నిన్నటి ఇసుక లేదు. తీరం పొడవునా మోకాలెత్తు కెల్ప్ కుప్పలు పడి ఉన్నాయి. పెంకులూ గులకరాళ్లూ చిక్కుకున్న గోధుమరంగు ఆకులు, మధ్యకు విరిగిన కాడలు, మొదలంటా ఊడి వచ్చిన మొక్కలు. ఏడాది మాత్రమే బతికే సాకొరైజా పాలిస్కైడెస్ బుడిపెల మొదళ్లు కూడా బంతుల్లా దొర్లుతున్నాయి. మొన్న నేను చీల్చబోయి మానుకున్న దాన్ని రాత్రి సముద్రమే చీల్చి తెచ్చి ఇసుక మీద పెట్టింది.

ఊడివచ్చిన హైపర్‌బోరియా మొదళ్లను ఒకటొకటిగా తిరగేసి చూస్తూ పోయాము. చాలావాటిలో పీతలు, పెళుసు చేతుల నక్షత్రాకార జీవులు, పురుగులు ఉన్నాయి. ఏడో ఎనిమిదో మొక్క అనుకుంటాను. అది పట్టిన రాయి నుంచి ఊడి రాలేదు, హోల్డ్‌ఫాస్ట్ పైభాగానే తెగిపోయి ఉంది. తెగిన చోట బొటనవేలు పట్టేంత గుహ ఉంది. దాని గోడలు గోకినట్టు నున్నగా ఉన్నాయి. వెలుగు పడేట్టు వంచి చూస్తే, గుహ లోపలి మూలన గోడకు హత్తుకుని ఒక లింపెట్, ప్రాణంతో ఉంది.

నేను వేరే జాతి అనుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు. పొడవు పదిహేడు మిల్లీమీటర్లు, మొన్నటివాటికి రెట్టింపు. చిప్ప మందంగా, మసకబారిన గోధుమరంగులో, లోపలి జీవి కనిపించనంత చిక్కగా ఉంది. పారదర్శకమైనదన్న పేరు దీనికి ఎక్కడా అతకదు. అంచు కోడిగుడ్డు ఆకారంలో కాక, గుహ గోడ వంపులకు తగినట్టు వంకరలు పోయింది. నీలిగీతలు లేవు.

తొలినాటి పరిశోధకులు కూడా ఇక్కడే తడబడ్డారు. 1777లో థామస్ పెన్నాంట్ ఈ రూపానికి పటెల్లా లేవిస్ అని ప్రత్యేకంగా పేరు పెట్టాడు. ఆకు మీదిది ఒక జాతి, మొదట్లోది ఇంకొకటి అని చాలాకాలం చెలామణి అయింది. ప్రజాతి పేరు, అంటే జంటపేరులోని మొదటి మాట, కూడా స్థిరంగా లేదు. హెల్సియన్, ఆన్సేట్స్, పటీనా అంటూ రకరకాల పెట్టెల్లోకి మారి, డీఎన్ఏ పోలికలు చూశాక లిన్నేయస్ పెట్టిన పటెల్లాకే తిరిగి వచ్చింది.

"శిఖరం చూడండి," అంది మా అమ్మాయి.

భూతద్దం పెట్టాను. మసకబారిన ఆ పెద్ద చిప్ప కొనన, దానికంటే ఎంతో నున్నగా, తేనెరంగులో ఒక చిన్న చిప్ప టోపీలా కూర్చుని ఉంది. రెండింటి మధ్య మెట్టులా ఒక అంచు ఉంది. టోపీ మీద, అరిగి మాసిపోయినా, మూడు నీలి కుట్లు ఇంకా పోలేదు.

లింపెట్ చిప్ప అంచు దగ్గర మాత్రమే పెరుగుతుంది. పుట్టినప్పటి చిప్ప శిఖరంగా మిగిలిపోతుంది. ఆకు మీద ఉన్నంత కాలం అంచుకు చేర్చిన ప్రతి వలయం నున్నగా, గీతలతో వచ్చింది. మొదట్లోకి దిగిన నాటి నుంచి చేర్చినది మందంగా, గీతలు లేకుండా వచ్చింది. టోపీకీ పెద్ద చిప్పకూ మధ్యనున్న ఆ మెట్టు ఈ జీవి ఇల్లు మారిన రోజు. నేను జాతి తేడా అనుకున్నది ఒకే ప్రాణి జీవితంలోని రెండు అధ్యాయాలు.

మరి ఎందుకు దిగింది? దీనికి సమాధానం లింపెట్‌లో లేదు, నాచులో ఉంది. కెల్ప్ ఆకు కొసన పెరగదు, కాడా ఆకూ కలిసే చోట పెరుగుతుంది. అందువల్ల ఆకు మీద ఒక చోట కదలకుండా కూర్చున్న జీవి, తన ప్రమేయం లేకుండానే, కింద కొత్త కణజాలం పుట్టుకొచ్చిన కొద్దీ కొస వైపుకు నెట్టబడుతూ పోతుంది. ఆ కొస అలలకు చిరిగి రాలిపోతూ ఉంటుంది. హైపర్‌బోరియా అయితే వసంతంలో పాత ఆకును మొత్తంగానే విదిల్చి వదిలేస్తుంది. కనుక లింపెట్ బతకాలంటే ఆకు పెరుగుదలకు ఎదురు నడవాలి. వసంతంలో ఈదులాడే పిల్లదశ ముగించుకుని, రాతి మీది సున్నపు శైవలపు పొరల మీద వాలి, అక్కడి నుంచి చిన్న ఎర్రనాచుల మీదికి, ఆపై కెల్ప్ ఆకుల మీదికి చేరుకున్న ఈ జీవులు, శరదృతువు నుంచి కాడ వైపు దిగడం మొదలుపెడతాయి. ఆకు మీదే ఉండిపోయినవాటికి ఏడాది ఆయుష్షు. మొదట్లోకి దిగి, పట్టులో గుహ తొలుచుకున్నవి రెండేళ్ల దాకా బతుకుతాయి.

అయితే ఆ రెండో ఏడాదికి మొక్క వెల చెల్లించుకుంటుంది. ఆకు మీద పడిన గుంట చిన్న గాయమే, ఆకు ఎలాగూ రాలిపోయేదే. పట్టులో తొలిచిన గుహ అలా కాదు, అలల బరువంతా నిలిచేది అక్కడే. నా చేతిలోని మొక్క సరిగ్గా గుహ వద్దే తెగింది. ఆశ్రయమిచ్చిన మొక్కతో పాటు తానూ ఇసుక మీదికి వచ్చి పడిన ఆ లింపెట్‌ను చూస్తే నాకు బాధ కలిగింది, ఆ మాట దాచుకోను.

గిల్లింగ్‌వేస్ కుప్పల్లో మేము అరవై మూడు మొదళ్లు చూశాము. పదకొండింటిలో గుహలున్నాయి, నాలుగింటిలో లింపెట్లు ప్రాణంతో దొరికాయి. ఒక గాలివాన మర్నాటి ఒక తీరపు లెక్క మాత్రమే ఇది. ఆ నాలుగింటినీ అవి ఉన్న మొదళ్లతో సహా, సముద్రపు నీరు నింపిన బకెట్టులో పెట్టి, తడి ఆకులు కప్పి, గదికి తెచ్చాము. రాత్రి బకెట్టు పక్కన కూర్చుని మా అమ్మాయి ఇతర సముద్రాల కెల్ప్ లింపెట్ల గురించి చెప్పింది. దక్షిణాఫ్రికాలో ఎక్లోనియా మాక్సిమా కాడల మీద సింబ్యులా కంప్రెస్సా అనే లింపెట్ ఉంటుందట. దాని చిప్ప అడుగు గుండ్రని కాడ వంపుకు తగినట్టు వంగి ఉండటం వల్ల, ఖాళీ చిప్పను బల్ల మీద పెడితే ఊగుతుందట. కాలిఫోర్నియాలో ఎగ్రీజియా అనే నాచు మీద డిస్కురియా ఇన్‌సెస్సా ఉంటుంది. మూడూ మూడు సముద్రాలవి, మూడింటికీ నాచే నేల. ఆ నేల ఎటు వంగితే చిప్ప అటు వంగింది.

ఆరవ రోజు: కాజిల్ బీచ్

గాలి తగ్గింది. గిల్లింగ్‌వేస్ పక్కనే, పెండెన్నిస్ కోట కొండ కింద, కాజిల్ బీచ్ అనే రాతితీరం ఉంది. ఆటు మొదటి రోజులంత దిగువకు పోదు గనుక, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడితే గానీ కెల్ప్ అంచు అందలేదు. బకెట్టును రాతి గూట్లో ఆనించి పెట్టాము.

ఆకు మీద లింపెట్లు ఇక్కడా ఉన్నాయి. ఈసారి నేను గీతల కోసం చూడలేదు. ఒక్కొక్కటి ఆకు మీద ఎంత దూరాన ఉంది, తల ఎటు తిప్పి ఉంది అని చూశాను. పదిహేను ఆకులు చూస్తే, ఎక్కువ లింపెట్లు ఆకు కింది సగంలోనే, కాడకు దగ్గరగా గుమికూడి ఉన్నాయి. ఒక ఆకు మీద మూడు చిప్పలు కాడ విచ్చుకునే చోటే, ఒకదాని అంచు ఒకదానికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి. వాటి వెనక ఆకు పొడవునా లేతరంగు గుంటలు ఒకదాని తర్వాత ఒకటిగా కనిపించాయి. అవి దిగివచ్చిన దారి అలా అచ్చుపడి ఉంది.

బకెట్టులోని నాలుగింటిలో మూడింటిని, ఒక పాత హైపర్‌బోరియా మొదట్లో, కొమ్మల సందుల్లో ఒక్కొక్కటిగా ఆనించి పట్టుకున్నాము. చిప్పను పైనుంచి వేలితో నొక్కి ఉంచి, పాదం పట్టు దొరికించుకునేదాకా ఆగాలి. లేకపోతే మొదటి అలకే కొట్టుకుపోతుంది. నాలుగోది, నేను మొదట కనుక్కున్న టోపీ లింపెట్, చాలాసేపు ముడుచుకునే ఉంది. అలలు రెండు మూడు వచ్చి పోయాయి, నా చెయ్యి మొద్దుబారింది. అప్పుడు వేలి కింద చిప్ప కొద్దిగా పైకి లేచినట్టు, ఆపైన ఒక్కసారిగా కిందికి దిగి బిగుసుకున్నట్టు తెలిసింది. వేలు తీశాను. నీరు పెరుగుతోందని మా అమ్మాయి పిలిచింది. కెల్ప్ ఆకు ఒకటి అలతో వచ్చి ఆ మొదలు మీద పరుచుకుంది. అది మళ్లీ పక్కకు తొలగినప్పుడు లింపెట్ పెట్టిన చోట లేదు, రెండు కొమ్మల మధ్య సందులోకి సగం జరిగిపోయి, శిఖరం మీది చిన్న టోపీ మాత్రమే బయటికి కనిపిస్తోంది.